మనియార్డరు ఫారం మీద రెండు ముక్కలు

సంచికకు ఏదైనా రాయమని మన బడి 1978 బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగినప్పుడు తప్పించుకుందామనే చూశాను. మనవాళ్ళలో డాక్టర్లున్నారు, అమెరికాలో స్థిరపడ్డవాళ్ళున్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ వాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగి బట్టలు పోగుచేసి మూటలు కట్టినవాళ్ళున్నారు. ఆ సంగతి ఎవరో ఒకరు రాస్తారు. నేను ఆ వారమంతా జ్వరంతో మంచమెక్కి ఉన్నాను. నా దగ్గరున్నది అంతకు ఎనిమిది నెలల ముందుది, చిన్న విషయం. అందులో నేను చేసిన గొప్ప ఏమీ లేదు, తప్పే ఉంది.

మన తెలుగు మాస్టారు శనివారం ఒంటిపూట బడి వదిలాక చేతిరాత బాగున్న నలుగురైదుగురిని పోస్టాఫీసుకు పంపేవారు, గుర్తుందా? చదువు రానివాళ్ళకు ఫారాలు రాసిపెట్టాలి. పైసా తీసుకోకూడదు, పిప్పరమెంటు కూడా. లెక్కల్లో నావి అత్తెసరు మార్కులు, ఆటల్లో నన్ను ఎవరూ జట్టులోకి పిలిచేవారు కాదు. ఉన్నదల్లా గుండ్రటి అక్షరాలు. అందుకని ఆ శనివారాలంటే నాకు పండగ. బయట చెట్టు కింద కూర్చుని డబ్బులకు రాసే ఆయన మాత్రం మమ్మల్ని కొరకొరా చూసేవాడు. ఆయన కోపంలో న్యాయముందని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మనియార్డరు ఫారంలో ఎంత డబ్బో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఎవరికో, ఏ ఊరో రాయాలి. పిన్‌కోడు 1972లో వచ్చింది, మా నాటికి ఇంకా ఎవరికీ నోట ఆడేది కాదు. గుంటూరు జిల్లాకు మొదట 522 అని వేసి మిగతా మూడంకెల కోసం కౌంటరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. అడుగున చిన్న జాగా ఉండేది, పంపేవాళ్ళు రెండు ముక్కలు రాసుకోవడానికి. డబ్బుతో పాటు ఆ ముక్క కూడా అవతలి మనిషి చేతికి అందేది. చాలామందికి అదే ఉత్తరం.

1977 మార్చి. ఒకామె వచ్చింది, మాచర్ల వైపు మనిషి. మిరప సీజనుకు గుంటూరు వచ్చి కొట్లలో కాయలు ఏరి తొడిమలు తీసే పని చేస్తోంది. కొడుకు మాచర్లలోనే హాస్టల్లో పదో తరగతి. ముప్ఫై రూపాయలు పంపాలి. నోట్లు కొంగు ముడిలోంచి తీస్తుంటే చూశాను, వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి. అరచేతుల్ని మాటిమాటికీ చీరకు రుద్దుకుంటోంది.

“ఏం రాయమంటావమ్మా?” అన్నాను.

“నేను బాగుండానని రాయి. కడుపు నిండా తినమను. అంతే.”

నాకు ఆ “అంతే” చాలలేదు. వ్యాసరచనలో బహుమతి వచ్చిన రోజులవి. “నీ కోసం మీ అమ్మ చేతులు మంటలెత్తిపోతున్నా కష్టపడుతోంది. ఆ కష్టం మరవకుండా చదువుకో” అని ఇరికించి ఇరికించి రాశాను. మంచి మాటే కదా అనుకున్నాను. ఆమె వేలిముద్ర వేసి, నన్ను దీవించి వెళ్ళింది.

రెండు వారాల తర్వాత మళ్ళీ కనిపించింది. పక్కన సన్నగా పొడుగ్గా ఒక కుర్రాడు. ఆ ముక్క చదివి, పుస్తకాలు హాస్టల్లో వదిలేసి పాసింజరెక్కి వచ్చేశాడట. పది రోజులుగా తల్లి పక్కనే కూర్చుని తొడిమలు తీస్తున్నాడు. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి, పొమ్మంటే పోడు. ఆ పూట ఎలాగో ఒప్పించి రైలెక్కించడానికి తీసుకెళ్తూ, దారిలో పోస్టాఫీసులోకి వచ్చింది. తిట్టడానికని అనుకున్నాను. తిట్టలేదు.

“నే చెప్పింది రాస్తే సరిపోయేది గదయ్యా” అంది.

ఆ కుర్రాడు నా వంక చూడలేదు, తన చేతుల్నే చూసుకుంటున్నాడు. సీజను అయిపోయాక ఆమె మళ్ళీ రాలేదు. అతను పరీక్ష రాశాడో, తప్పాడో నాకు తెలియదు. ఇప్పటికీ మాచర్ల బండి పేరు వింటే అతనే గుర్తొస్తాడు.

సోమవారం మాస్టారికి చెప్పాను. బెత్తం పడుతుందనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే: “రాశాక చదివి వినిపించావా?” లేదన్నాను. ఆ వారం నుంచి మా అందరికీ అది నియమమైంది. రాసింది పైకి చదవాలి, వాళ్ళు ఊ అన్నాకే వేలిముద్ర.

ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు గుమాస్తాగిరీ చేశాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్ళకు అందులో ఏముందో చదివి వినిపించేవాణ్ణి, “నీకెందుకయ్యా ఈ చాదస్తం” అని తోటివాళ్ళు నవ్వేవారు. రిటైరయ్యాక ఆర్నెల్లు మాత్రం భలే టెన్షన్ పడ్డాను. పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. “ఒక్క పేపరే ఎన్నిసార్లు చదువుతారు?” అని మా ఆవిడ విసుక్కునేది. బీపీ చూపించుకుందామని ఒకరోజు పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడ ఒక ముసలామె చీటీ నా ముందుకు చాపి “ఏ గదో సూడు నాయనా” అంది. చూశాను. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఆ రోజు నా బీపీ చూపించుకోవడం మరిచిపోయి మధ్యాహ్నం ఇంటికొచ్చాను, బాగా ఆకలేసింది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. ఫారాలు తగ్గాయి, ఫోన్లు వచ్చాయి. టోకెన్ కోసం కోడ్ స్కాన్ చెయ్యడం, ఆధార్‌కు ఏ నంబరు ఇచ్చారో గుర్తు చెయ్యడం, వచ్చిన ఓటీపీ చదివి చెప్పడం. ఇదీ నా సేవ. సేవ అనే మాట కూడా ఎక్కువే.

మొన్న సోమవారం వినుకొండ నుంచి ఒక పెద్దాయన. కూతురు హైదరాబాదులో బట్టల షాపులో పనిచేస్తుంది, డ్యూటీలో ఫోన్ ఎత్తనివ్వరట. మెసేజ్ పెట్టమన్నాడు. మాట్లాడి పంపొచ్చు బాబాయ్ అంటే, పదిమందిలో సిగ్గన్నాడు.

“మందులిచ్చారు, తగ్గిందని పెట్టు.”

బుధవారం స్కానింగుకు రమ్మని నర్సమ్మ చెప్పడం నేను పక్కనే ఉండి విన్నాను. నోటిదాకా వచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి, పంపే ముందు పైకి చదివాను: “మందులిచ్చారు. తగ్గింది.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

“బుధవారం మళ్ళీ రమ్మన్నారని కూడా పెట్టయ్యా” అన్నాడు. “వీలైతే తోడు రమ్మను.”

ఆ ముక్కలు కూడా కలిపి, ఇంకోసారి చదివి వినిపించాను.