లప్పం కింద

గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని డ్రైవరు వైపు తలుపు అడుగు అంచున ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోయాను. జానెడు దూరం పట్టుకుని వచ్చింది, తరువాత జారి కింద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్కడ ఇనుము లేదు, ఉన్నదంతా లప్పమే, రేకులో పల్లాలు పూడ్చే ముద్ద. స్క్రూడ్రైవరు మొనతో గీకితే వేలు మందాన పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనక నుంచి తడిసిన అటుకుల్లాగా తుప్పు రాలింది. పైన రంగు మాత్రం నున్నగా మెరుస్తూనే ఉంది.

ఆ బండి మా నాన్నగారిది. 1991లో కొన్న మహీంద్రా పికప్. ముందు నుంచి చూస్తే జీపు, వెనక తొట్టి. మాది కొల్లిపర. పసుపు, అరటి, కంద పండే నేల. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి బస్తాలకెత్తాక దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డుకు చేర్చేది ఈ బండే. మా ఇంటి సరుకొక్కటే కాదు, మా వీధిలో ఆరేడు కుటుంబాల పంట దీనిలోనే వెళ్ళేది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నేను కూడా బస్తాల మీద కూర్చుని వెళ్ళేదాన్ని. ఇంటికి తిరిగి వచ్చేసరికి అరికాళ్ళు పచ్చగా ఉండేవి, అమ్మ గడప దాటనిచ్చేది కాదు.

2009 తరువాత నాన్న దాన్ని బయటికి తీయడం మానేశారు. కొట్టంలో పద్నాలుగేళ్ళు నిలబడిపోయింది. 2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తుక్కు కొనే అతను వచ్చి తూకం లెక్కన ధర చెబుతున్నాడు. నేను వద్దన్నాను. ట్రాక్టరుకు కట్టించి తెనాలిలో మా ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డుకు తెప్పించాను. అప్పటి నుంచి ఆదివారాలు, రెండో శనివారాలు, నాలుగో శనివారాలు, బ్యాంకుకు సెలవైన ప్రతి రోజూ దానికే.

ఇంజను గురించి ఎక్కువ రాయను. పియుజో డీజిల్ ఇంజను, పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వ్యాసం, మొత్తం 2112 సీసీ. పేరులోనే కొలత చెప్పేసే ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దాన్ని విప్పి, రింగులు, బేరింగులు మార్చి, ఆరు వారాల్లో తిరిగి ఇచ్చారు. చలికాలం పొద్దున తాళంచెవి తిప్పి, హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేస్తే ఒక్క పట్టున అందుకుంటుంది. నా మనసంతా రేకు మీదే ఉంది.

ఈ బండికి 2004లో ఒకసారి రంగు వేయించారు. ఏ షెడ్డులో అన్నది ఇక్కడ అనవసరం. తుప్పు పట్టిన చోటల్లా దాన్ని కోసి తీయకుండా పైనే లప్పం పూసి, గరుకు పేపరుతో రుద్ది, రంగు వేసి పంపించారు. నాన్న డబ్బు పూర్తిగా ఇచ్చారు, అయిదేళ్ళు తృప్తిగా తిరిగారు కూడా. ఈ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. రంగు కింద ఏం జరుగుతోందో బండి యజమానికి కనిపించదు. కనిపించేది చేసిన మనిషికే.

అందుకే లప్పం మొత్తం తీసేయాలని నిర్ణయించుకున్నాను. మూడు నెలలు పట్టింది. గ్రైండరుకు తీగల బ్రష్షు బిగించి రుద్దుతుంటే ఒకదాని కింద ఒకటి పొరలు బయటపడ్డాయి. పైన మీగడ రంగు, దాని కింద బూడిద రంగు ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే పూత, దాని కింద కంపెనీ వేసిన నీలం. తొట్టి నేల రేకు, పక్క రేకు కలిసే మడతను ఉలితో విప్పిన రోజు మాత్రం పని ఆపి కూర్చుండిపోయాను. మడత నిండా పసుపు! తేమకు గట్టిపడి, తుప్పుతో కలిసి ఇటుక రంగుకు తిరిగింది. లోపలి వైపు గోటితో గీరితే ఇంకా పచ్చగానే ఉంది. చిన్న సీసాలోకి తీసి పెట్టాను. ఆ మడతలో తేమను పట్టి ఉంచి రేకును తినేసిందీ ఆ పసుపు పొడే.

చచ్చిన రేకును బతికున్న రేకు వచ్చేదాకా కోసేయాలి, మధ్యలో ఆగకూడదు. కోసిన చోట 18 గేజీ కొత్త రేకును అట్టముక్కతో కొలత తీసి, వంచి, అంచులు ఆనించి అతికించాను. మా పాత షెడ్లలో వాడే గ్యాసు వెల్డింగ్ వేడికి వెడల్పు రేకు అలలు తిరుగుతుంది. అందుకని సీవోటూ వెల్డింగ్ యంత్రం అద్దెకు తెచ్చాను. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, మధ్యలో చల్లారేదాకా విరామం. ఒక్క తలుపు అడుగుకే రెండు ఆదివారాలు. అతుకులన్నీ అరగదీసి, రేకు లోపలి వైపు కూడా ఎపాక్సీ ప్రైమరు పట్టించాను. రెడ్ ఆక్సైడు ప్రైమరు చవక, అందరికీ అలవాటు. కానీ అది తేమను పీల్చుకుంటుంది. కాలువ గట్టు ఊళ్ళలో తిరిగే బండికి అదొక్కటే చాలదు.

లప్పం అసలు వాడలేదని అనను. సుత్తితో ఎంత సరిచేసినా మిగిలే చిన్న పల్లాలకు అది కావలసిందే. నా దగ్గర మాత్రం అది గోరు మందం దాటలేదు. ఇక్కడే పెయింటరు బాబాయ్‌తో నాకు పేచీ వచ్చింది. ఆయన నలభై ఏళ్ళుగా లారీలకు రంగులు వేసిన మనిషి. నాకు రంగు చల్లే గన్ను పట్టుకోవడం నేర్పింది ఆయనే. లప్పం ఆరగానే బకెట్టు నీళ్ళు పెట్టుకుని, వాటర్ పేపరుతో రుద్దబోయారు.

"బాబాయ్, లప్పం నీళ్ళు పీలుస్తుంది. పొడిగానే రుద్దుదాం" అన్నాను.

"దుమ్ము లేస్తుందమ్మా. మేమందరం ఇలాగే చేస్తాం" అన్నారు.

వాదించలేదు. రెండు రేకు ముక్కలు తీసుకుని రెండింటికీ ఒకే రోజు లప్పం పెట్టాం. ఒకటి ఆయన నీళ్ళతో రుద్దారు, ఒకటి నేను పొడిగా రుద్దాను. రెండింటికీ ఒకే డబ్బాలోని ప్రైమరు, రంగు వేసి వానకాలమంతా ప్రహరీ గోడ మీద వదిలేశాం. కార్తీకంలో చూస్తే నీళ్ళతో రుద్దిన ముక్క మీద ఆవగింజలంత బుడగలు లేచి ఉన్నాయి. సూదితో పొడిస్తే కింద రేకు ఎర్రగా ఉంది. పొడిగా రుద్దినది చెక్కు చెదరలేదు. బాబాయ్ ఆ రెండు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. తరువాత వారం నుంచి తన షెడ్డులో కుర్రాళ్ళకు కూడా లప్పం పొడిగానే రుద్దమని చెబుతున్నారు. పనిలో ఇంత పెద్దవారు ఒక ముక్క చూసి పద్ధతి మార్చుకున్నారంటే, ఆ మనిషి మీద నాకున్న గౌరవం రెట్టింపయింది.

రుద్దడం గురించి ఎంత రాసినా తక్కువే. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 180, 320. ఆ పైన ప్రైమరు పట్టించి, దాని మీద నల్లరంగు పలుచగా, పొగమంచులా చల్లాలి. ఆపైన పేపరును చెక్క దిమ్మకు చుట్టి రుద్దితే ఎత్తుల మీద నలుపు ముందు పోతుంది, పల్లాల్లో మిగిలిపోతుంది. చేతివేళ్ళతో రుద్దితే పేపరు పల్లంలోకి కూడా దిగి అబద్ధం చెబుతుంది. చెక్క దిమ్మ చెప్పదు. చీకటి పడ్డాక కళ్ళు మూసుకుని అరచేతితో తలుపంతా తడిమేదాన్ని. కంటికి దొరకని పల్లం చేతికి దొరుకుతుంది.

రంగు ఏది అన్నదానికి ఎక్కువ ఆలోచించలేదు. ఆర్‌సీలో నీలం అని ఉంది. 2004లో మీగడ రంగు వేసినప్పుడు కాగితాల్లో ఎవరూ మార్పించలేదు. తలుపు రబ్బరు బీడింగు కింద ఎండ తగలని చోట కంపెనీ నీలం అలాగే మిగిలింది. ఆ ముక్కను చూపించి రంగు కలిపించాను. పొద్దుటి ఎండలో చూసి ఒప్పుకున్నాను. ట్యూబులైటు వెలుగులో సరిపోయిన రెండు నీలాలు ఎండలోకి వచ్చేసరికి వేరు వేరుగా కనిపించాయి, అందుకే దుకాణానికి మూడుసార్లు తిరిగాను.

రంగు వేసింది ఈ ఏడాది మాఘమాసంలో. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. థిన్నరు వేగంగా ఆవిరైతే రేకు పైభాగం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పడుతుంది, పాతకాలపు లక్క రంగులు ఇలాగే తెల్లబారేవి. కాబట్టి మంచు పూర్తిగా విడిచాక పదకొండు నుంచి మూడు లోపల, నిదానంగా ఆరే థిన్నరుతో. షెడ్డు చుట్టూ పట్టాలు కట్టి, నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణిచాం. గన్ను రేకుకు జానెడు దూరంలో, ఒక వరుస సగం మీద తరువాతి వరుస పడేలా నడిపించాలి. మణికట్టు తిప్పకూడదు, మనిషే నడవాలి. మొదటి పూత పలుచగా. పావుగంట ఆగి రెండో పూత నిండుగా. ఆ రెండో పూతలో తడి నీలం మీద పై రేకుల కంతల్లోని వెలుగు గీతలుగా పడినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) రంగుల్లో, గట్టిపడేందుకు కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఉబ్బసం తెప్పిస్తాయి. ముక్కుకు కట్టుకునే జేబురుమాలు వాటిని ఆపదు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి, కళ్ళూ చర్మమూ కప్పుకోవాలి. నేను రెండు మాస్కులు కొన్నాను, ఒకటి బాబాయ్‌కి. ఈ బండి మీద పెట్టిన ఖర్చులో రెండో ఆలోచన లేకుండా సరైనదని నాకు అనిపించింది అదే. షెడ్లలో పనిచేసే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళకు ఎవరూ ఆ మాస్కు ఇవ్వడం లేదు. ఇవ్వాలి.

ఇంకా పని ఉంది. ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందన్న ధ్రువపత్రం, చేయించేదాకా బండి రోడ్డెక్కదు. వెనక కమాను కట్టల్లో (స్ప్రింగుల్లో) రెండు పట్టీలు మార్చాలి. తొట్టి వెనక తలుపు ఖాళీగా ఉంది. మీగడ రంగు తీస్తున్నప్పుడు దాని మీద పాత అక్షరాల అంచులు చేతికి తగిలాయి. రంగు పోయినా కుంచె గీత ఎత్తు మిగిలింది. దీపం పక్క నుంచి పట్టుకుని చూస్తే ‘కొల్లిపర’ అని చదవగలిగాను. రేకు కోయకముందే ట్రేసింగు పేపరు మీద ఆ అక్షరాలను దించుకున్నాను.

నాన్న ఆ కాగితం చూసి, రాసినతను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒక్క పూటలో రాసేశాడని చెప్పారు. ఎడమ చేతిని కర్ర మీద ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టుకునేవాడట. స్టిక్కరు వేయించనని నాన్నకు చెప్పాను. పాత రేకు ముక్క మీద ఎనామెలుతో రాయడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు సార్లు రాశాను. ‘ర’ నిలబడింది. ‘ల్లి’ దగ్గర మాత్రం గుడి నుంచి ఒత్తు దాకా అతని గీత ఎక్కడా సన్నబడలేదు. నాది సన్నబడుతోంది. కుంచె మార్చి చూడమని బాబాయ్ అన్నారు. వచ్చే ఆదివారం నాన్న కూడా కొల్లిపర నుంచి వస్తున్నారు, కర్ర ఎక్కడ ఆనించాలో దగ్గరుండి చూపిస్తారట.