మొగుడో మఠమో

గేటు మూసే వేళైందని కాపలాదారు చేయి ఊపేదాకా నేను కదలలేదు.

బెల్జియంలోని బ్రూజ్ నగరం, బెగీన్లు అనే భక్తురాళ్లు ఒకప్పుడు కలిసి బతికిన ఆవరణ. నడుమ గడ్డి, ఎత్తైన చెట్లు, చుట్టూ తెల్ల సున్నం వేసిన ఇళ్లు. మ్యూజియంగా ఉంచిన ఒక చిన్న ఇంటి వంటగదిలో చాలాసేపు నిలబడిపోయాను. ఒక మనిషికి సరిపోయేంత పొయ్యి! ఎవరి అన్నం వాళ్లే వండుకుని ఉంటారు.

1245లో ఈ ఫ్లాండర్స్ ప్రాంతాన్ని ఏలిన మార్గరెట్ దీన్ని నెలకొల్పింది. బెగీన్లు ప్రార్థనలో బతికారు కానీ సన్యాసినులు కారు. శాశ్వత వ్రతం లేదు. ఉన్నన్నాళ్లు బ్రహ్మచర్యం, పెళ్లి చేసుకోవాలనిపిస్తే వెళ్లిపోవచ్చు. సొంత ఆస్తి సొంతమే. ఉన్ని పని చేసి, రోగులకు సేవ చేసి పొట్టపోసుకున్నారు.

మొగుడో మఠమో అన్న కాలం అది. మఠంలో చేరాలన్నా చాలాచోట్ల కట్నం ఇచ్చుకోవాలి. ఈ ఆడవాళ్లు మూడో దారి వేసుకున్నారు.

అందరినీ బతకనివ్వలేదు. మార్గెరీట్ పొరేట్ అనే బెగీన్‌ను 1310లో పారిస్‌లో సజీవంగా కాల్చేశారు, చర్చి తప్పుపట్టినా తాను రాసిన పుస్తకాన్ని వదులుకోనందుకు. విచారణలో ఆమె ప్రమాణం చేయడానికే ఒప్పుకోలేదట. ఆ మౌనం దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎంత ధైర్యం తల్లీ నీది!

చివరి బెగీన్ మార్సెల్లా పాటిన్ కన్నుమూసింది 2013లో. అంటే నిన్నమొన్నే.

వంతెన దాటాక వెనక్కి తిరిగి చూశాను. ఇప్పుడు లోపల ఉండేది బెనెడిక్టైన్ సన్యాసినులు. ఒక కిటికీలో దీపం వెలిగింది.