గేటు దారి కింద డొల్ల: మేం జీపీఆర్ సర్వే చేయించిన అనుభవం

హైదరాబాద్ రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు లోపలి కాంక్రీటు దారి ఒక మూల కుంగడం మొదలైంది. పగులు సన్నదే. మేస్త్రీలు చూసి, పైపెచ్చు కొట్టేసి కొత్త కాంక్రీటు పోస్తే సరిపోతుందన్నారు. నాకు మనసొప్పలేదు. "సార్, నీళ్ల ట్యాంకర్ లోపలికొస్తే ఆడ డబడబ అంటది" అని మా వాచ్‌మన్ ఎప్పటినుంచో చెబుతున్నాడు. పైగా డ్రైనేజీ చాంబర్ మూత తీసినప్పుడల్లా అడుగున ఎర్ర ఇసుక పేరుకుని ఉంటోంది. ఇళ్లలోంచి వచ్చే నీళ్లలో అంత ఇసుక ఎలా వస్తుంది? ఎక్కడో నేల కరిగి పైపులోకి జారుతోందన్నమాట.

కింద మట్టి పోయినా కాంక్రీటు పలక కొన్నాళ్లు అలాగే నిలబడుతుంది. లోపల ఇనుప మెష్ ఉంటే మరికొన్నాళ్లు. భయమంతా అక్కడే. 2022 డిసెంబరులో గోషామహల్ చాక్నవాడిలో నాలా మీది రోడ్డు ఉన్నట్టుండి కూలి, బండ్లూ దుకాణాలూ అందులో పడ్డాయి. మా గేటు దగ్గర సాయంత్రమైతే పిల్లలు సైకిళ్లు తొక్కుతారు.

నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చేవాటిని బట్టి కింద ఏముందో చూపించే పరికరం గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ (జీపీఆర్). అసోసియేషన్ మీటింగులో దాని పేరెత్తగానే, అంత ఖర్చు మనకెందుకన్నారు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు, శిథిలాల కింద చిక్కుకున్న కార్మికుల కోసం మన పక్కనే ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వాడింది ఈ రాడార్‌నేనని చెప్పాను. దారి మొత్తం తవ్వి చూడటం కన్నా ఇదే చవకని లెక్క కట్టి చూపించాక ఒప్పుకున్నారు.

సర్వే మే నెలలోనే పెట్టించాం. బంకమట్టి తడిసి ఉంటే రాడార్ తరంగాలను మింగేస్తుంది. మురుగు ఇంకిన నేలైతే మరీ కష్టం. వర్షాలు పడ్డాక చేయిస్తే డబ్బులు దండగయ్యేవి.

వచ్చిన ఇంజనీరు తెచ్చింది చిన్న చక్రాల బండి. దాని పొట్టలో 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా. తక్కువ ఫ్రీక్వెన్సీ వాడితే ఇంకా లోతుకు వెళుతుంది కానీ చిన్నవి కనపడవట. మా పని మీటరున్నర లోతు లోపలిదే కాబట్టి ఇది చాలన్నారు. బండ్లన్నీ తీయించి, సుద్దముక్కతో అరమీటరుకో గీత చొప్పున నిలువుగా, అడ్డంగా గీశారు. ఆ గీతల మీదే బండిని తోసుకుంటూ పోయారు.

తెర మీద మొదట మెష్ ఇనుము వరసగా చుక్కల్లా కనపడింది. దాని కింద డ్రైనేజీ పైపు బోర్లించిన మూకుడు ఆకారంలో తేలింది. చాంబర్ దగ్గర ఆ పైపు లోతు టేపుతో కొలిచి, తరంగం వెళ్లి రావడానికి పట్టిన సమయంతో సరిచూశారు. గాలిలో నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోయే తరంగం, తేమగా ఉన్న నేలలో 10 లోపే పోతుంది. ఈ కొలత సరిచూసుకోకపోతే రిపోర్టులో రాసే లోతులన్నీ ఉజ్జాయింపే. సర్వే చేయించేవాళ్లు ఇది చేశారా లేదా అని తప్పక అడగండి.

పైపు మలుపు దగ్గర పలక కిందే గట్టి పట్టీ ఒకటి మెరిసింది. నలుపు తెలుపు గీతల వరస మెష్ ఇనుము దగ్గర ఉన్నదానికి తలకిందులుగా ఉంది. తరంగం కాంక్రీటులోంచి గాలిలోకి వెళ్లేచోట అలా ఉంటుందట. "ఇక్కడ ఖాళీ ఉండే అవకాశం ఎక్కువ సార్. కానీ రంధ్రం వేసి చూడందే నేను డొల్ల అని రాయను" అన్నారాయన. ఆ మాటతోనే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. రాడార్ గుంత ఫొటో తీసి ఇవ్వదు, ఎక్కడ తవ్వాలో చూపిస్తుంది.

సుద్దతో చుట్టిన గుర్తు మీద డ్రిల్ పెట్టాం. కాంక్రీటు దాటగానే బిట్టు జర్రున కిందికి జారింది. కమ్మీ దించితే మూరెడు లోతుకు గానీ ఏమీ తగల్లేదు. సన్నటి కెమెరా పంపితే పైపు జాయింటు విడిపోయి, చుట్టూ మొరం కోసుకుపోయి కనపడింది.

అక్కడే కొందరు సిమెంటు పాలు పోయించేద్దామన్నారు. జాయింటు బాగుచేయకుండా పోస్తే ఆ పాలు పైపులోకి పోయి డ్రైనేజీ మొత్తం బిగుసుకుపోతుంది. లేదా పక్కనే ఇంకో డొల్ల పడుతుంది. ముందు ఆ మలుపు వరకు తవ్వి పైపు మార్చాం. మొరం పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాం. మిగిలిన చిన్న ఖాళీలకే గ్రౌటింగ్, అంటే సిమెంటు పాలు పోయించడం. అది గట్టిపడ్డాక పాత గీతల మీదే మళ్లీ బండి తోయించాం. ఆ పట్టీ పోయింది.

గీతల కొలతలతో వేసిన ఆ డ్రాయింగును అసోసియేషన్ ఫైల్లో పెట్టాం. చాంబర్‌లో ఇసుక మళ్లీ చేరుతోందేమో చూసి నెలనెలా రిజిస్టర్‌లో రాసే పని వాచ్‌మన్‌కే అప్పజెప్పాం.