ఎం74లో వాయువునూ నక్షత్రాల పుట్టుకనూ ఒకే పటం మీద కొలవడం: నా అనుభవం

హనుమకొండలో వానాకాలం ఆకాశం మూసుకునే ఉంటుంది. వానలు తగ్గాక పాఖాల దిక్కు పోయి చిన్న టెలిస్కోప్ పెట్టినా మీనరాశిలోని ఎం74 గెలాక్సీ మసక మరకే. దాని వాయుమేఘాలు చూడాలంటే దగ్గరి గెలాక్సీలను పరిశీలించే ఫాంగ్స్ బృందం అందరికీ తెరిచిపెట్టిన డేటా దించుకోవాలి. నేను తీసుకున్నవి రెండు పటాలు: చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు తీసిన కార్బన్ మోనాక్సైడ్ పటం, అక్కడిదే వీఎల్‌టీ టెలిస్కోప్ మీది మ్యూజ్ పరికరం తీసిన హైడ్రోజన్-ఆల్ఫా పటం (కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రాల చుట్టూ హైడ్రోజన్ ఇచ్చే ఎర్రటి వెలుగు). పని అంతా పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులోని ఖగోళ లైబ్రరీ ఆస్ట్రోపైతోనే.

చల్లటి హైడ్రోజన్ అణువుల నుంచి వెలుగు దాదాపు రాదు. వాటితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ 230.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చే సంకేతమే ఆధారం. పటంలో ఆ సంకేతం బలం 10 కెల్విన్ కి.మీ./సె. ఉంటే, 0.65తో (ఈ గీతకూ కార్బన్ మోనాక్సైడ్ మొదటి గీతకూ ఉండే నిష్పత్తి) భాగించి 4.35తో (వెలుగును వాయువు బరువుగా మార్చే గుణకం) గుణించాలి. చదరపు పార్సెక్‌కు (పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) సుమారు 67 సూర్యుల బరువు వస్తుంది. ఎం74 దాదాపు ఎదురుగానే తిరిగి ఉంది కాబట్టి వాలు దిద్దుబాటు సుమారు ఒక శాతమే. మాస్క్ (సంకేతం ఉన్న చోట్లనే ఉంచి మిగతాది తీసేసే ముసుగు) మాత్రం ‘బ్రాడ్’ తీసుకోండి. ‘స్ట్రిక్ట్’లో సన్నని వాయువు రాలిపోతుంది, మొత్తం తగ్గుతుంది.

నేను దెబ్బతిన్నది మ్యూజ్ పటం దగ్గర. అందులో విలువలు ఒక్కో పిక్సెల్‌కు లెక్క, పిక్సెల్ వెడల్పు 0.2 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు). 1 ఆర్క్‌సెకండ్ పిక్సెళ్ల మీదికి నేరుగా మారిస్తే వెలుగు 25 రెట్లు పడిపోతుంది. వాయువు ఖర్చయ్యే కాలం (ఉన్న వాయువంతా ఇదే వేగంతో నక్షత్రాలుగా మారడానికి పట్టే సమయం) సుమారు 200 కోట్ల సంవత్సరాలు రావాల్సింది 5,000 కోట్లు వచ్చింది. విశ్వం వయసే 1,380 కోట్లు! ముందు 0.04తో భాగించి చదరపు ఆర్క్‌సెకండ్‌కు మార్చాలి, తర్వాత రెండు పటాలనూ ఒకే స్పష్టతకు మసకబార్చాలి, ఆపైనే గ్రిడ్ మార్చాలి. ధూళి మింగిన వెలుగును హైడ్రోజన్ ఇచ్చే మరో వెలుగు హైడ్రోజన్-బీటాతో పోల్చి దిద్దుకోవాలి. ధూళి లేకుంటే ఆల్ఫా, బీటా నిష్పత్తి 2.86.

ఇదంతా సరిచేశాక కూడా వాయువు శిఖరాలు, హైడ్రోజన్-ఆల్ఫా ఎర్రటి మచ్చలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఇక్కడ చాలామంది పటాన్ని జరుపుతారు. దయచేసి జరపకండి. ఎం74 దూరంలో 1 ఆర్క్‌సెకండ్ అంటే 48 పార్సెక్‌లు. మ్యూజ్ చిత్రంలో కనిపించే మన గెలాక్సీ నక్షత్రాల స్థానాలను గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల జాబితాతో పోల్చి చూడండి, అవి కుదిరితే ఆ ఎడం నిజమైనదే. పెద్ద నక్షత్రాలు పుట్టగానే తమ మేఘాన్ని చెదరగొడతాయి. ఎన్‌జీసీ 300 అనే మరో గెలాక్సీలో 2019లో కొలిచినప్పుడు మేఘం ఆయుష్షు సుమారు కోటి సంవత్సరాలే అని తేలింది. అందులో నక్షత్రాలుగా మారేది రెండు మూడు శాతం.

కాబట్టి వృత్తం ఎక్కడ పెడితే జవాబు అలా మారుతుంది. 100 పార్సెక్‌ల వృత్తం వాయువు శిఖరం మీద పెడితే ఖర్చయ్యే కాలం పొడుగు, ఎర్ర మచ్చ మీద పెడితే పొట్టి. నేను 21 ఆర్క్‌సెకండ్ల వెడల్పుతో, అంటే 1,000 పార్సెక్‌లతో, మొదలుపెట్టి సగం సగంగా తగ్గిస్తాను. వాయువు శిఖరాల మీద, ఎర్ర మచ్చల మీద విడివిడిగా వచ్చిన కాలాలను వెడల్పుతో గీస్తే, ఆ రెండు గీతలు విడిపోవడం మొదలయ్యే వెడల్పే మేఘాల మధ్య సగటు దూరానికి మొదటి అంచనా.