ఇంట్లో చెల్లే చిల్లర

జర్మనీలో తెలుగువాళ్లం నలుగురం కలిస్తే మాట ఎటు తిరిగినా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతుంది: "మీ పిల్లలు తెలుగు మాట్లాడతారా?"

మా పెద్దమ్మాయికి పాత నాణేలంటే పిచ్చి. బెర్లిన్‌లో బోడే మ్యూజియం చూసొచ్చాక రోమన్ల కాలపు కంచు నాణేల మీద పడింది. దాని పుణ్యమా అని నేనూ చదవడం మొదలుపెట్టాను.

రోమ్ బంగారం, వెండి సామ్రాజ్యమంతా తిరిగేవి. రొట్టె కొనడానికి కావాల్సిన కంచు చిల్లరను మాత్రం తూర్పున వందలాది నగరాలు తామే వేసుకునేవి. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు ఊరి దేవతో, గుడో, నదో. రాత ఎక్కువగా గ్రీకులో. ఎఫెసస్ నగరం నాణేల మీద వాళ్ల దేవత అర్తెమిస్ ఉంటుంది. ఆ చిల్లర చాలావరకు సొంత ఊళ్లో, చుట్టుపక్కలే చెల్లేది.

మా అమ్మాయికి అన్నిటికంటే ఇష్టమైంది అపామియా నాణెం. ఆ ఊరు ఇప్పటి తుర్కియేలోని దినార్. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ (193–211) కాలంలో వేశారు. నీళ్ల మీద మూత తెరిచిన పెట్టె, లోపల బైబిల్ జలప్రళయ కథలోని నోవహు, ఆయన భార్య. పైన కొమ్మ పట్టుకుని ఎగిరొచ్చే పావురం. పక్కనే ఆ ఇద్దరే మళ్లీ నేల మీద నిలబడి చేతులెత్తి ఉంటారు. పెట్టె మీద గ్రీకు అక్షరాల్లో నోవహు పేరు. రోమన్ చక్రవర్తి, గ్రీకు మాట, యూదుల కథ, అన్నీ ఒక్క కంచు బిళ్ల మీద! ఆ ఊరివాళ్లు దాంతో సంతలో బేరాలాడుకున్నారు. (మన తెలంగాణలోని పెద్దబంకూరులో దొరికిన శాతవాహనుల సీసపు నాణేలూ అలా చేతులు మారినవే.)

ఇక్కడ మనం తెలుగును బంగారంలా దాచి, ఉగాదికీ దీపావళికీ బయటికి తీస్తాం. పిల్లలు స్టేజీ మీద పద్యం అప్పజెప్తారు, మనం వీడియో తీస్తాం. నాకు అది చాలదు. తెలుగు మా ఇంట్లో రోజూ వాడే చిల్లర కావాలి. అరిగిన కంచు నాణేల మీద కొన్ని నగరాలు చిన్న ముద్ర కొట్టి మళ్లీ వాడేవి. మా అమ్మాయి ఈతకు జర్మన్ మాట కలిపి "ష్విమ్మెన్ చేసొచ్చానమ్మా" అంటే నేనూ అంతే, తప్పుపట్టకుండా "అలసిపోయావా, రా తిందువుగాని" అంటాను. మాట చెల్లింది, సంభాషణ సాగింది.

ఈసారి ఉగాదికి పద్యం రాకపోయినా నాకు టెన్షన్ లేదు. గిన్నెలు ఎవరు తోమాలని తమ్ముడితో పడే గొడవ మాత్రం తెలుగులోనే జరగాలి.