పోచార్డ్‌లు 14 అని రాసుకుంటే చాలదు

సంక్రాంతికి ముందు అటక దులుపుతుంటే పన్నెండేళ్ళ కిందటి నా పక్షుల నోటుపుస్తకం ఒకటి బయటపడింది. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువుకు వెళ్ళినప్పుడు, జనవరి, ఆదివారం అని రాసిన పుట మీద, బొల్లికోళ్ళకూ సూదితోక బాతులకూ మధ్య ‘పోచార్డ్‌లు 14’ అని ఒకే ఒక్క ముక్క ఉంది. ఆనాడు అంతకుమించి రాయవలసిన అవసరం కనిపించి ఉండదు. ఆ పద్నాలుగు బాతుల్లో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అన్నది రాసుకోకపోవడం ఎంత పెద్ద లోపమో ఈ మధ్యనే నాకు తెలిసివచ్చింది.

కామన్ పోచార్డ్ పశ్చిమ ఐరోపా నుంచి సైబీరియాలోని బైకాల్ సరస్సు ప్రాంతం వరకు, రెల్లు దట్టంగా పెరిగిన మంచినీటి మడుగుల్లో పిల్లలను చేసి, అక్కడి నీరు గడ్డకట్టే వేళకు దక్షిణానికి దిగివచ్చే బాతు. మగదాని తల, మెడ ఎండిన కుంకుడుకాయ రంగులో ఉంటాయి. రొమ్ము నలుపు, వీపు బూడిద రంగు, కన్ను ఎరుపు. ఆడది గోధుమ వన్నెలో, కంటి చుట్టూ లేత చారతో, చూడగానే పేరు చెప్పలేనట్టుగా ఉంటుంది. ఇది నీటిలో మునిగి మేత వెతుక్కునే జాతి కనుక కాళ్ళు శరీరానికి బాగా వెనకగా ఉంటాయి; అందువల్ల నేల మీద నడక తడబడుతుంది, గాలిలోకి లేవాలంటే నీటి మీద కొంతదూరం పరుగు తీయక తప్పదు. మునిగే ముందు మాత్రం ఒక ముచ్చటైన పని చేస్తుంది: ఉన్నచోటనే ముందుకు చిన్న ఎగురు ఎగిరి, తల కిందికి పెట్టి, చప్పుడు లేకుండా మాయమవుతుంది. మనం ఆ వలయాన్నే చూస్తూ ఉంటాం, అది మరెక్కడో బెండుముక్కలా బుడుంగున పైకి తేలుతుంది. నీటి అడుగున మొక్కల గింజలు, దుంపలు, నత్తలు, దోమలను పోలిన కీటకాల పిల్లపురుగులు దీని ఆహారం.

2015 వరకు ఈ బాతు గురించి దిగులు పడవలసినది ఏమీ లేదన్నది అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, లెక్క. ఆ సంవత్సరం, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే ఎర్ర జాబితాలో దీనిని ‘లీస్ట్ కన్సర్న్’ (దిగులు లేనిది) నుంచి ఒక్కసారిగా రెండు మెట్లు దాటించి ‘వల్నరబుల్’ (ముప్పుకు లోనైనది) శ్రేణిలో చేర్చారు. మధ్యలో ఉండే ‘నియర్ థ్రెటెన్డ్’ (ముప్పుకు దగ్గరైనది) మెట్టు మీద ఇది నిలవనే లేదు. అదే ఏడాది యూరోపియన్ టర్టిల్ డవ్ అనే గువ్వ, అట్లాంటిక్ పఫిన్ అనే సముద్రపక్షి కూడా ఇదే శ్రేణిలోకి వచ్చి చేరాయి. ఈ మాట చెప్పినప్పుడు మిత్రులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: లక్షల సంఖ్యలో ఉన్న పక్షికి ముప్పేమిటి? ఎర్ర జాబితా మిగిలినవాటి సంఖ్యను మాత్రమే చూడదు, తరుగుదల వేగాన్ని కూడా చూస్తుంది. పదేళ్ళలో గానీ మూడు తరాల కాలంలో గానీ, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతలో, సంఖ్య 30 శాతం నుంచి 50 శాతం లోపు పడిపోతే ఆ జాతి వల్నరబుల్. 50 శాతం దాటితే ఎన్‌డేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నది. 80 దాటితే క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్, అంటే ఆ ప్రమాదం అతి తీవ్రంగా ఉన్నది. బ్యాంకులో ఇంకా డబ్బుంది కదా అని నెలనెలా పెరుగుతున్న అప్పును చూడకుండా ఉండేవాడికి ఈ పద్ధతి నచ్చదు, నాకు మాత్రం ఇదే సరైనదనిపిస్తుంది. దీని దగ్గరి చుట్టమైన బేయర్స్ పోచార్డ్ 2012 నుంచి ఆ చివరి శ్రేణిలోనే ఉంది.

తగ్గడానికి కారణాలు చాలావరకు గూళ్ళు పెట్టే చోటనే ఉన్నాయి. తూర్పు ఐరోపాలో వందల ఏళ్ళుగా ఉన్న చేపల చెరువులే వీటికి పుట్టిళ్ళు. అక్కడ చాలాకాలంగా పెంచుతున్నది మన చెరువుల్లోనూ దొరికే బంగారుతీగ చేపనే. చేపను మరీ ఒత్తుగా వేస్తే అది అడుగును కలియబెట్టి, నీటిని బురదచేసి, బాతుపిల్లలు తినవలసిన పురుగులను తానే తినేస్తుంది. అలాగని లాభం లేదని చెరువును వదిలేస్తే కొన్నాళ్ళకు తుప్పలు కమ్ముకుంటాయి. ఏది ఎక్కువైనా గూడుకే నష్టం. దీనికి తోడు, నల్లతల గల్ పక్షుల గుంపులు తగ్గిపోయాయి. అవి శత్రువును అల్లరిచేసి తరిమే రకం కనుక, పోచార్డ్ వాటి మధ్య గూడు పెట్టుకుని ఆ కావలిని ఉచితంగా వాడుకునేది. ఆ కావలి పోయిన చోటికే, బొచ్చు కోసం అమెరికా నుంచి తెచ్చి పెంచితే తప్పించుకుపోయిన, ముంగిసలాంటి వేటజంతువులైన మింక్‌లు వచ్చాయి. వేట సంగతి సరేసరి. బాతు మేత అరగడానికి మింగే గులకలతో పాటు, అడుగున పడి ఉన్న తుపాకీ సీసపు గుళ్ళు కూడా దాని కందనకాయలోకి చేరి విషమవుతాయి. చిత్తడి నేలల్లో సీసపు గుళ్ళ వాడకాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించినది 2023 ఫిబ్రవరి నుంచి మాత్రమే.

ఇక నా నోటుపుస్తకం సంగతి. పోచార్డ్‌లలో గుడ్లు పొదిగేది ఆడది ఒక్కతే. అది దాదాపు 25 రోజులు రెల్లులో కదలకుండా కూర్చుని ఉండగా, మగది తోటి మగవాటితో కలిసి ఈకలు మార్చుకోవడానికి వేరే సరస్సుకు వెళ్ళిపోతుంది. కనుక గూటి మీదికి మింక్ వచ్చినా నక్క వచ్చినా గుడ్లతో పాటు పోయేది తల్లే. చలికాలపు లెక్కల్లో మగవాటి వాటా ముందునుంచీ ఎక్కువే. 1989, 1990 ప్రాంతంలో చేసిన లెక్కలను 2016 నాటి లెక్కలతో పోల్చి చూస్తే ఐరోపాలో ఆ తేడా ఇంకా పెరిగిందని తేలింది. అంటే మొత్తం సంఖ్య ఎంత తగ్గిందో, పిల్లలను చేయగల జంటలు అంతకంటే ఎక్కువే తగ్గి ఉంటాయి. 14 అన్న అంకె ఈ విషయాన్ని పూర్తిగా దాచేస్తుంది.

ఇంకొక విశేషముంది. మగవి చలిని ఓర్చుకుని ఉత్తరానే ఆగిపోతే, ఆడవి మరింత దక్షిణానికి వెళ్ళే అలవాటు ఈ జాతిలో ఉంది. ఆ లెక్కన దక్కన్ చెరువుల్లో కనిపించే చిన్న గుంపుల్లో ఆడవాటి వాటా ఎంత అన్నది ఉత్తరాది సరస్సుల లెక్కలో దొరికే సమాచారం కాదు, ఇక్కడ నిలబడి చూసినవాళ్ళే చెప్పాలి. భారత ఉపఖండంలో 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన అందుకు సరైన సమయం కూడా, ఎందుకంటే అప్పటికి మగవాటి రంగు పూర్తిగా తేరుకుని ఉంటుంది.

ఈ జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ అమీన్‌పూర్ వెళ్ళాను. 2016లో దీనిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా చెరువు నడుమ ఇంకా బాతులకు చోటుంది. థర్మోకోల్ తెప్ప మీద వల తీసుకుని ఒడ్డుకు వచ్చిన ఒక పెద్దాయన నా స్టాండు, టెలిస్కోపు చూసి, “ఏం లెక్కవెడుతున్నవ్ బిడ్డా?” అని అడిగాడు. ఎర్రతల బాతుల్లో ఆడవెన్ని, మగవెన్ని అని చూస్తున్నానంటే కాసేపు ఆలోచించి, “ఎర్రతలవి నాకు ఎరికే గానీ, వాటి పెండ్లాలెవరో ఎన్నడు చూడలే,” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, పన్నెండేళ్ళు నేను చేసిన పనీ అదే.

పోచార్డ్‌లు వంతులవారీగా మునుగుతూ ఉంటే లెక్క తేలడానికి ముప్పావు గంట పట్టింది. ఒకటి మాత్రం ఎండ ఎదురుగా, బొల్లికోళ్ళ మధ్యలో ముక్కు వీపులో దూర్చుకుని నిద్రపోతూ ఎంతకూ తల ఎత్తలేదు. పుస్తకంలో ఇలా రాసుకున్నాను: పోచార్డ్‌లు, మగవి 5, ఆడవి 3, పోల్చుకోలేనిది 1.