పదమూడా, పద్నాలుగా?

నిన్న రాత్రి మా అన్నయ్య కూతురు ఫోన్. బీటెక్ మొదటి ఏడాది. "బాబాయ్, సీ ప్రోగ్రామ్‌లో ఐ విలువ 5. ++ఐ + ++ఐ ఎంత?" (++ఐ అంటే ఐని ఒకటి పెంచి వాడమని.) నిద్రమత్తులోనే "14" అనేశాను. "నా మ్యాక్‌లో 13 వస్తోంది మరి!"

లేచి కూర్చున్నా. నా లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో (రాసిన కోడ్‌ని యంత్రం నడిపేలా మార్చే ప్రోగ్రామ్) నడిపితే 14. అదే ఫైలు మ్యాక్ వాడే క్లాంగ్ కంపైలర్‌కిస్తే 13. జీసీసీ ఐని రెండుసార్లూ పెంచేశాక 7, 7 కలిపింది. క్లాంగేమో మొదటి 6ని పక్కన దాచుకుని, తర్వాత వచ్చిన 7ని దానికి కలిపింది. రెండిట్లో ఏదీ తప్పు కాదు, తప్పంతా రాసినవాడిదే. మధ్యలో సీక్వెన్స్ పాయింట్ (అంతవరకూ చేసిన మార్పులన్నీ పూర్తయిపోయే చోటు) లేకుండా ఒకే వేరియబుల్‌ని రెండుసార్లు మార్చకూడదని 1989 నాటి సీ ప్రమాణంలోనే ఉంది. మారిస్తే అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరగాలో ప్రమాణం ఏమీ చెప్పదు. 400 వచ్చినా అడగడానికి లేదు. బ్రాకెట్లు పెట్టినా ఇంతే.

మా రోజుల్లో టర్బో సీ అనే పాత కంపైలర్ నీలం తెర ఏం చెబితే అదే వేదం. ఇలాంటి లెక్కలు ఓ నోటుపుస్తకం నిండా బట్టీపట్టాను. క్యాంపస్ రాతపరీక్షలో ఇదే పడితే 14కి టిక్కు పెట్టి మార్కు కొట్టేశాను కూడా. (ఇప్పుడు సిగ్గేస్తోంది.)

"కంపైల్ చేసినప్పుడు వార్నింగ్ రాలేదా?"

"వచ్చింది, చదవలేదు."

మా రక్తమే. జీసీసీ అయితే మైనస్ వాల్ (-Wall, వార్నింగులు చూపమనే ఆప్షన్) పెట్టి అడిగితే గానీ అదీ చెప్పదు.

"రేపు రికార్డులో ఏం రాయను?"

"దీనికి జవాబు లేదని రాయి."

"మార్కులు నువ్వేస్తావా బాబాయ్?"